ప్రింటర్ చేసిన ఫోన్ కాల్స్



ఈసారి కొంచెం అజీబ్ టాపిక్. ప్రింటర్ల గురించి, పాతకాలపు డయల్-అప్ ఇంటర్నెట్ గురించి. "ఇప్పుడు డయల్-అప్ ఎక్కడుంది భాయ్, ఆ జమానా ఎప్పుడో పోయింది కదా" అంటారేమో. జమానా పోయింది గానీ ఆ బీమారీ పోలేదు. పేరు మార్చుకుని మన ఇళ్లలో, మన జేబుల్లో తిరుగుతూనే ఉంది. ఆ మాట చెప్పాలంటే ఇరవై ఏళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి. అందులో ఒక గరీబు పిల్లాడి ఇజ్జత్ ముడిపడి ఉంది. అందుకే రాస్తున్నాను. లేకపోతే ఖబర్లు రాసుకునేవాడికి ప్రింటర్లతో ఏం పని?

ముందు ఇప్పటి పిల్లల కోసం రెండు మాటలు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. విదేశ్ సంచార్ నిగమ్, అంటే వీఎస్ఎన్ఎల్, మొదలుపెట్టింది. 1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకు కూడా ఇజాజత్ దొరికింది. 2000 అక్టోబర్ 1న టెలిఫోన్ డిపార్ట్‌మెంట్ కాస్తా బీఎస్ఎన్ఎల్ అయింది. అప్పటి నెట్ ఇప్పటిలాగా గాలిలో తేలుతూ ఉండేది కాదు. కంప్యూటర్‌కీ ఫోన్ వైరుకీ మధ్య మోడెమ్ అనే ఒక డబ్బా. నెట్ కావాలంటే ఆ మోడెమ్ మనిషిలాగే నంబర్ తిప్పి ఫోన్ చేయాలి. అవతల కంపెనీ వాళ్ల మోడెమ్ ఎత్తాలి. కీచుమని, గురగురమని రెండూ కాసేపు మాట్లాడుకున్నాక నెట్ వచ్చేది. డబ్బా మీద 56 కిలోబిట్లు అని రాసి ఉండేది. పల్లెటూరి లైన్ల మీద అందులో సగం వస్తే షుకర్ చేసుకునేవాళ్లం.

ఖర్చా రెండు వైపులా ఉండేది. నెట్ కంపెనీకి గంటల లెక్కన ముందే కట్టిన పైసలు ఒకటి. మోడెమ్ చేసిన ఫోన్‌కి లోకల్ కాల్ యూనిట్లు రెండోది. ఆ రోజుల్లో లోకల్ కాల్ యూనిట్ అంటే మూడు నిమిషాలు. 20 నిమిషాలు లైన్ పట్టుకుని కూర్చుంటే ఏడు యూనిట్లు పడేవి, మీరు అందులో ఒక్క పేజీ చూసినా, ఏమీ చూడకపోయినా. పైగా మోడెమ్ మాట్లాడుతున్నంత సేపూ బయటి నుంచి ఫోన్ చేసేవాళ్లకు ఎంగేజ్ టోనే.

ఇక నందివాడ. గుడివాడ పక్క మండలం. బుడమేరు ఆ వైపుగానే కొల్లేరుకు పోతుంది. ఒకప్పుడు వరి పండిన పొలాలు చాలావరకు చేపల చెరువులైపోయాయి. రోహు, కట్ల ఐసు పెట్టెల్లో సర్ది లారీలెక్కించి కలకత్తా దాకా పంపుతారు. చెరువుల మీద ఆసాములు ఒకరు, వల లాగేవాళ్లు ఇంకొకరు. మన బిరాదరీలో ఆసాములు తక్కువ, వల లాగేవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు, పెట్టెలు మోసేవాళ్లు ఎక్కువ. కొన్ని ఇళ్ల నుంచి కువైట్, సౌదీ వెళ్లిన కొడుకులు.

మండలాఫీసుకు దగ్గర్లో ఒక దుకాన్ ఉండేది. ముందు ఎస్టీడీ బూత్, పక్కన జిరాక్స్, లోపల డీటీపీ. దుకాన్‌దార్ మా అందరికంటే పెద్దవాడు, అందుకని పిల్లలకు చాచా, నాలాంటివాళ్లకు బడే భాయ్. చేపల లారీల బిల్లులు, మండలాఫీసు అర్జీలు, స్కూలు సర్టిఫికెట్లు, షాదీ రుఖాలు, అన్నీ అక్కడే. నేను అప్పటికి డిగ్రీ పూర్తి చేసి ఒక తెలుగు దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేరాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు సాహిత్యం. రెండు జుబాన్లు చదివి రాయగలిగినవాడు చుట్టుపక్కల దొరకడం కష్టం కాబట్టి షాదీ రుఖాల ప్రూఫులు నా దగ్గరికే వచ్చేవి. ఒక వైపు ఉర్దూ, ఒక వైపు తెలుగు. ఉర్దూలో ఒక్క నుఖ్తా కింద పడితే ఖుదా కాస్తా జుదా అయిపోతుందని మా ఉస్తాద్ క్లాసులో ఎప్పుడూ చెప్పేవారు. పెళ్లి కార్డులో ఆ పని జరిగితే రెండు ఖాందాన్లూ దుకాన్ మీదికి వస్తాయి. అందుకని ఒక్కో రుఖాకి నాలుగైదు ప్రూఫులు తీయించేవాణ్ని. బదులుగా బడే భాయ్ నా వార్తలు మెయిల్‌లో పంపుకోనిచ్చేవాడు. అంతకు ముందు కవర్లో పెట్టి బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాణ్ని.

2002లో రంజాన్ ఈద్ డిసెంబర్ మొదటి వారంలో వచ్చింది. ఈద్ తర్వాత షాదీల సీజన్. ఆ ముందే బడే భాయ్ హిమ్మత్ చేసి దుకాన్ పెంచాడు. ఒక్క కంప్యూటర్ మూడయ్యాయి. కౌంటర్ దగ్గరి దానికి మోడెమ్. మధ్య టేబుల్ మీది దానికి సెకండ్ హ్యాండ్ లేజర్ ప్రింటర్. వెనక గదిలో కొత్త కంప్యూటర్, డీటీపీ పని అంతా దాని మీదే. మూడింటినీ వైర్లతో ఒక హబ్‌కి కలిపారు. వెనక గదిలో కూర్చుని ప్రింట్ కొడితే మధ్య టేబుల్ మీద కాగితం వచ్చేది. కౌంటర్ దగ్గరి నెట్ మిగతా రెండింటికీ కూడా వాడుకోవచ్చు. పల్లెటూరి దుకాన్‌లో ఇది చిన్న కరామత్ లాంటిదే. ఊళ్లో పిల్లలు చూడ్డానికి వచ్చేవాళ్లు. మోడెమ్ గోల కస్టమర్లకు చిరాగ్గా ఉందని దాని స్పీకర్ మాత్రం ఎవరో ఆపేశారు. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ దుకాన్‌లో ఒక పిల్లాడు పని చేసేవాడు. పదహారు, పదిహేడేళ్లు. పేరు రాయను. ఛోటూ అనుకుందాం. వాళ్ల అబ్బా చెరువుల మీద వల లాగే మనిషి. ఛోటూ టెన్త్ పాసై, ఇక చదివించే తాహత్ లేక, జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడ్డాడు. జిరాక్స్ నుంచి కీబోర్డ్‌కి రావాలని వాడి ఆశ. దుకాన్ కట్టేశాక ఒక అరగంట వెనక గదిలో టైపింగ్ ప్రాక్టీస్ చేసుకుంటానంటే బడే భాయ్ సరే అన్నాడు. తాళం చెవి వాడి చేతికే ఇచ్చేవాడు.

జనవరిలో ఫోన్ బిల్లు వచ్చింది. రెండు నెలల బిల్లు మామూలుగా పద్దెనిమిది వందల లోపు ఉండేది. ఈసారి నాలుగు వేలు దాటింది. దానికి తోడు మూడు నెలలు రావాల్సిన వంద గంటల నెట్ ప్యాకెట్ నలభై రోజులకే ఖతం. బిల్లులో ఎస్టీడీ కాల్స్‌కి లెక్క ఉంటుంది గానీ లోకల్ కాల్స్‌కి ఏ రోజు, ఎన్ని గంటలకు అనే వివరం ఉండేది కాదు. మీటర్ రీడింగ్ ఒక్కటే. ఇంత మొదలైంది, ఇంతకు ఆగింది, కట్టు అంతే. మరి ఎవరు వాడినట్టు? రాత్రిపూట తాళం ఎవరి చేతిలో ఉంటుంది?

బడే భాయ్ చెడ్డ మనిషి కాదు. కానీ అప్పు చేసి కంప్యూటర్లు కొన్నాడు. అప్పు ఉన్న మనిషికి శక్ తొందరగా వస్తుంది. ఛోటూని పిలిచి అడిగాడు. వాడు "అల్లా కసం చాచా, మై కుచ్ నై కియా" అన్నాడు. నెట్ ఎలా పెట్టాలో కూడా తనకు సరిగా రాదన్నాడు. అది ఎవరూ నమ్మలేదు. ఈ కాలం పిల్లలకు రానిదేముంది అన్నారు. నెట్‌లో ఏం చూస్తున్నాడో అని ఒకడు నవ్వాడు. ఆ నవ్వు సాయంత్రానికి మొహల్లాలో ఒక కిస్సా అయింది. మగ్రిబ్‌కి మసీదు మెట్ల దగ్గర నా చెవిన పడేటప్పటికి దానికి కాళ్లూ చేతులూ కూడా వచ్చేశాయి.

ఇంకొక సంగతి కూడా వాడి మీదికే వచ్చింది. దుకాన్‌లో బూత్ లైన్ కాకుండా ఉన్న రెండో ఫోన్ నంబరే ఊళ్లో నాలుగైదు ఇళ్లకు కువైట్ నుంచి ఫోన్లు వచ్చే నంబర్. మోడెమ్ కూడా ఆ లైన్ మీదే. ఒక ఖాలా జుమ్మా రోజు జుహర్ వేళ నుంచి బెంచీ మీద కూర్చునేది, కొడుకు ఫోన్ కోసం. మూడు జుమ్మాలు ఫోన్ రాలేదు. నాలుగో వారం ఉత్తరం వచ్చింది. "ఎప్పుడు చేసినా ఎంగేజే వస్తోంది అమ్మీ, కార్డు పైసలు వేస్ట్ అవుతున్నాయి" అని రాశాడట. ఖాలా ఎవరినీ ఏమీ అనలేదు. ఆమె అనకపోయినా చుట్టూ ఉన్నవాళ్లు అన్నారు, ఆ పిల్లాడి నెట్ పిచ్చి వల్లే అని.

ఒకరోజు పొద్దున్నే ఛోటూ వాళ్ల అబ్బా వచ్చాడు. చెరువు మీద నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, లుంగీ తడిగా ఉంది. ఐదు వందలు తీసి కౌంటర్ మీద పెట్టాడు. "మిగతాది నెలనెలా ఇస్తాను భాయ్. పిల్లాడు తెలియక చేశాడు. దొంగ అనే మాట మాత్రం వద్దు" అన్నాడు. ఛోటూ పక్కనే ఉన్నాడు. కొడుకు చేయలేదని కాదు, చేశాడని నమ్మి తండ్రి పైసలు తెచ్చాడు. వాడి ముఖం ఆ క్షణంలో ఎలా ఉందో నేను చూశాను. బడే భాయ్ ఆ నోట్లు తీసుకోలేదు, వెనక్కీ ఇవ్వలేదు. గల్లాపెట్టె పక్కన అలాగే ఉంచాడు.

ఖబర్ రాసేవాడికి ఒక ఆదత్ ఉంటుంది. ఎవరు చేశారు అని జనం అనేదాన్ని కాసేపు పక్కన పెట్టి, ఎప్పుడు జరిగింది అని ముందు అడగాలి. లోకల్ కాల్స్‌కి టైములు లేవు, నిజమే. కానీ నెట్ కంపెనీ వెబ్‌సైట్‌లో మన అకౌంట్ తెరిస్తే, ఏ రోజు ఎన్ని గంటలకు కనెక్ట్ అయింది, ఎంతసేపు ఉంది అన్నీ కనపడేవి. బడే భాయ్ ఇజాజత్‌తో ఆ లిస్టు తీయించాను. పక్కన దుకాన్ పని రిజిస్టర్ పెట్టుకున్నాను. ఏ పని ఎప్పుడొచ్చింది, ఎప్పుడు ప్రింట్ ఇచ్చారు అని అందులో రాసే అలవాటు బడే భాయ్‌కి మొదటి నుంచీ ఉంది. అల్లా ఆయనకు ఆ మంచి ఆదత్ ఇచ్చాడు కాబట్టి సరిపోయింది.

రెండూ పక్కపక్కన పెడితే మూడు సంగతులు తేలాయి. ఒకటి, కనెక్షన్లలో ఎక్కువ భాగం పట్టపగలు జరిగినవే, దుకాన్ నిండా జనం ఉన్నప్పుడు. రాత్రిపూట అసలు లేవనే చెప్పాలి. రెండు, చాలావరకు ఒకే నిడివి. 20 నిమిషాలు, 21 నిమిషాలు. మనిషి నెట్ చూస్తే ఒకసారి ఐదు నిమిషాలు చూస్తాడు, ఒకసారి గంట చూస్తాడు. ప్రతిసారీ 20 నిమిషాలకే లేచిపోయే మనిషి ఎవరు? మూడు, ఛోటూ జ్వరం వచ్చి నాలుగు రోజులు ఇంట్లో పడుకున్నాడు. ఆ నాలుగు రోజులూ కనెక్షన్లు ఆగలేదు. షాదీ రుఖాల ప్రూఫులు తీసిన రోజుల్లో అవి ఇంకా ఎక్కువగా ఉన్నాయి.

గుడివాడ నుంచి కంప్యూటర్లు బాగుచేసే ఒక కుర్రాణ్ని పిలిపించాం. అతను లిస్టు చూసి ఎవరినీ ఏమీ అడగలేదు. మోడెమ్ స్పీకర్ మళ్లీ ఆన్ చేశాడు. అందరినీ కౌంటర్ దగ్గర నిలబడమన్నాడు. ఛోటూని కూడా. తను ఒక్కడే వెనక గదిలోకి వెళ్లి ఒక కాగితం ప్రింట్ కొట్టాడు. కౌంటర్ దగ్గరి కంప్యూటర్‌ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా మోడెమ్ తనంతట తనే నంబర్ తిప్పడం మొదలుపెట్టింది. టిక్ టిక్ టిక్, తర్వాత కీచుమని ఆ పాత గోల. అందరం విన్నాం. కాసేపటికి మధ్య టేబుల్ మీద కాగితం కూడా వచ్చింది.

ఇంతకీ ఏం జరిగింది? ఆ కుర్రాడు చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను.

కంప్యూటర్లకు రెండు రకాల పేర్లుంటాయి. మనం పిలిచే పేరు ఒకటి, అస్లీ నంబర్ ఒకటి. 192.168 అంటూ మొదలయ్యే నంబర్లు దుకాన్ లోపలివి, బయటి ప్రపంచంతో వాటికి పని లేదు. వెనక గదిలో కంప్యూటర్‌కి ప్రింటర్ ఎక్కడుందో పేరుతో చెప్పి పెట్టారు, "మధ్య టేబుల్ మీది ఫలానా కంప్యూటర్" అని. పేరు తెలిస్తే చాలదు, నంబర్ కావాలి. అందుకని అది ముందు తన సొంత నోట్‌బుక్‌లో చూసుకుంటుంది. దాన్ని హోస్ట్స్ ఫైల్ అంటారు. అందులో ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత అది ఇంటర్నెట్ పేర్ల రిజిస్టర్‌ని అడుగుతుంది, దాన్ని డీఎన్ఎస్ అంటారు. ఆ రిజిస్టర్‌కి దారి కౌంటర్ దగ్గరి కంప్యూటరే. నెట్‌ని మిగతావాటికి పంచే పని దానిదే కదా. ఆ కౌంటర్ కంప్యూటర్ చాలా తాబేదారు మనిషి. "నాకు తెలియదు, ఆగు, ఫోన్ చేసి కనుక్కుంటాను" అని మోడెమ్‌ని లేపుతుంది. అడిగితే చాలు ఫోన్ చేసేయమని దానికి ముందే హుకుం ఉంది.

నెట్ కంపెనీ వాళ్ల రిజిస్టర్‌లో నందివాడ దుకాన్‌లో మధ్య టేబుల్ పేరు ఎందుకుంటుంది? అక్కడ జవాబు దొరకదు. దొరకకపోయాక వెనక గది కంప్యూటర్ చివరికి గదిలోనే గట్టిగా కేక వేస్తుంది, "ఈ పేరు గల్లవాళ్లు ఎవరు?" అని. పక్క టేబుల్ "నేనే" అంటుంది. ప్రింట్ వచ్చేస్తుంది. ప్రింట్ ఎందుకు కాస్త ఆలస్యంగా వస్తోందో అప్పుడు తెలిసింది. ప్రింటర్ ముసలిదైందనుకున్నాం ఇన్నాళ్లూ. కాగితం వచ్చింది గానీ ఎత్తిన ఫోన్ అలాగే ఉంది. ఖాళీగా ఉంటే 20 నిమిషాల తర్వాత పెట్టేయమని సెట్టింగ్. కాబట్టి ఒక్క ప్రూఫ్‌కి ఏడు యూనిట్లు, 20 నిమిషాల ఎంగేజ్. ఆ తర్వాత ఇంకొక ప్రూఫ్, ఇంకొక ఫోన్. నాలుగడుగుల దూరంలో ఉన్నదాని అడ్రస్ కోసం ఊరవతలికి ఫోన్.

ఇలాజ్ అరగంట కూడా పట్టలేదు. మూడు కంప్యూటర్లకూ మారని నంబర్లు ఇచ్చాడు. ఒక్కోదానిలో ఆ హోస్ట్స్ ఫైల్ తెరిచి ఒక్కో లైన్ చొప్పున రాశాడు, ఈ నంబర్‌కి ఈ పేరు అని. ఇక ఎవరినీ అడగనక్కర్లేదు, సొంత నోట్‌బుక్‌లోనే జవాబుంది. కౌంటర్ కంప్యూటర్‌లో, అడిగినప్పుడల్లా డయల్ చేయి అనే హుకుం తీసేసి, ఎప్పుడూ నీ అంతట నువ్వు డయల్ చేయొద్దు అని పెట్టాడు. నెట్ కావాలంటే మనిషి వెళ్లి నొక్కాల్సిందే. 20 నిమిషాలను ఐదు చేశాడు. మోడెమ్ స్పీకర్ ఆన్‌లోనే ఉంచమన్నాడు. "గోల ఉంటే ఉండనీయండి సాబ్, అది ఫోన్ చేస్తున్నట్టు మీకు తెలుస్తుంది" అన్నాడు. ఎక్కువ పైసలు కూడా తీసుకోలేదు.

బడే భాయ్ ఐదు వందల నోట్లు తీసి ఛోటూ చేతిలో పెట్టాడు. "అబ్బాకి ఇచ్చెయ్. సాయంత్రం నేనే వచ్చి మాట్లాడతాను" అన్నాడు. వెళ్లాడు కూడా, నన్ను తోడు తీసుకుని. చెరువు గట్టు మీద నిలబడి, నలుగురు వల లాగేవాళ్లు వింటుండగా, "పిల్లాడి కసూర్ ఏమీ లేదు, మిషన్ కసూర్" అని చెప్పాడు. నలుగురిలో వేసిన ఇల్జామ్ నలుగురిలోనే తీసేయాలని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తర్వాతి జుమ్మాకి ఖాలాకి ఫోన్ వచ్చింది. ఆమె బెంచీ మీద నుంచి లేచిన తీరు చూసి అందరం నవ్వాం, ఆమె కూడా నవ్వింది.

అయినా మొహల్లాలో ఆ కిస్సా పూర్తిగా చావడానికి ఇంకో ఏడాది పట్టింది. తప్పుడు ఖబర్ కాళ్లు పొడవు, సవరణ కాళ్లు పొట్టి. మా పేషాలో ఇది రోజూ చూస్తాం.

ఇది ఒక్క నందివాడలో జరిగిన తమాషా అనుకోకండి. ఆ కాలంలో దునియా అంతటా చిన్న ఆఫీసులకు ఇదే తక్లీఫ్. లినక్స్ కంప్యూటర్లలో ప్రింటింగ్ పని చూసే కప్స్ అనే సాఫ్ట్‌వేర్ 1999లో వచ్చింది. "నా దగ్గర ఫలానా ప్రింటర్ ఉంది" అని అది నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లందరికీ మాటిమాటికీ ఎలాన్ చేసేది. మామూలుగా ప్రతి 30 సెకన్లకు ఒకసారి. ఆ ఎలాన్ బయటికి పోయే దారి వైపు కూడా వెళ్తే డయల్-అప్ లైన్ లేచి కూర్చునేది, ఒకసారి లేచాక 30 సెకన్లకొక కబురు పోతుంటే ఖాళీగా ఉంది అనిపించక మళ్లీ పడుకునేదీ కాదు. అందుకే ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఒక సెట్టింగ్ పెట్టారు, లోకల్ అని. ఎలాన్ ఇంటి గోడల లోపలే ఉండాలి, ఫోన్ లైన్ లాంటి దారుల్లోకి పోకూడదు అని దాని మతలబ్. మా గుడివాడ కుర్రాడు చేసిన ఇలాజ్‌కీ దీనికీ ఉసూల్ ఒకటే. ఇంట్లో జవాబు దొరికే సవాల్ ఇంటి గడప దాటకూడదు.

ఇప్పుడు మన రోజులకు వద్దాం. నెట్ సెంటర్‌కి వెళ్లి ఆధార్ కాపీ అడగండి. "వాట్సాప్ చేయండి సార్" అంటాడు. మీరు కౌంటర్‌కి ఇవతల, అతను అవతల. మధ్యలో చెక్క బల్ల. మీ ఆధార్ మీ ఫోన్‌లోంచి బయలుదేరి ఎక్కడెక్కడో సర్వర్లు తిరిగి ఆ బల్ల అవతలికి చేరుతుంది. ప్రింట్ వచ్చాక మీరు వచ్చేస్తారు. మీ ఆధార్ మాత్రం అతని కంప్యూటర్‌లో ఉండిపోతుంది, మీ తర్వాత వచ్చిన వంద మంది ఆధార్లతో పాటు. అప్పట్లో ఫిజూల్‌గా పోయింది యూనిట్లు. ఇప్పుడు పోయేది అమానత్. పెన్‌డ్రైవ్‌లోనో, కేబుల్‌తోనో ఇవ్వండి. వాట్సాప్ తప్పదంటే మీ ఎదురుగా డిలీట్ చేయించండి, చాట్‌లోంచి మాత్రమే కాదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి కూడా. అడగడానికి షరమ్ పడకండి. మీ కాగితం మీద హఖ్ మీది.

ఇంట్లో వైఫై ప్రింటర్ ఉన్నవాళ్లకు ఒక మాట. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై అంటే మీ ఇంటి లోపలి గలీ. ఇంటర్నెట్ అంటే గుడివాడ రోడ్డు. నెట్ రీచార్జ్ అయిపోయినా, రౌటర్‌కి కరెంట్ ఉన్నంతసేపు చాలా ప్రింటర్లు మామూలుగా ప్రింట్ ఇస్తాయి. ఫోన్ నుంచి నేరుగా ప్రింటర్‌కి పంపే పద్ధతులు కూడా వచ్చాయి. కొన్ని కంపెనీలు మాత్రం నెట్ ఉంటేనే పని చేసే ప్రింటర్లు అమ్ముతున్నాయి. కొనేముందు ఆ సంగతి దుకాన్‌లో ఖుల్లాగా అడగండి. దూరంగా ఉన్న సర్వర్ మీద భరోసా పెట్టుకుంటే ఏమవుతుందో గూగుల్ క్లౌడ్ ప్రింట్ వాడినవాళ్లకు తెలుసు. 2010లో మొదలైన ఆ సర్వీసును 2020 డిసెంబర్ 31తో మూసేశారు. అంతవరకు దాని మీదే ప్రింట్ తీసుకున్నవాళ్లు ఇంకో దారి వెతుక్కోవాల్సి వచ్చింది, ప్రింటర్ మాత్రం వాళ్ల టేబుల్ మీదే ఉంది.

మీ ప్రింటర్ ఒకరోజు కనపడి ఒకరోజు కనపడకపోతే చాలాసార్లు కారణం ఆ పాతదే. రౌటర్ ఒక్కోసారి దానికి కొత్త నంబర్ ఇస్తుంది, కంప్యూటర్ పాత నంబర్‌ని వెతుక్కుంటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్‌కి ఒక మారని నంబర్ రాసి పెట్టండి. నందివాడలో ఆ ఒక్క లైన్ చేసిన పనే ఇది కూడా చేస్తుంది.

ఇక అసలు మాట, అమ్మీలకూ అబ్బాలకూ. ఇప్పుడు మన ఇళ్లలో వచ్చే ఝగడా ఫోన్ బిల్లు గురించి కాదు, డేటా గురించి. పొద్దున రోజుకింత అని వచ్చే డేటా మధ్యాహ్నానికి ఖతం. వెంటనే ఇంట్లో చిన్నవాడి మీద చూపు పడుతుంది. "ఏం చూశావురా?" అనే సవాల్‌లోనే ఇల్జామ్ ఉంటుంది. చూసి ఉండొచ్చు. పిల్లలు ఫరిష్తాలేం కాదు. కానీ అడిగేముందు ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, డేటా వాడకం అనే చోట ఏ యాప్ ఎంత తిన్నదో చూడండి. ఫొటోల బ్యాకప్ తనంతట తనే ఆన్ అయి ఉండొచ్చు. యాప్‌లు తమంతట తామే అప్‌డేట్ అవుతూ ఉండొచ్చు. గ్రూపుల్లో వచ్చిన వీడియోలన్నీ మీరు తెరవకముందే దిగిపోతూ ఉండొచ్చు. ఫోన్ హాట్‌స్పాట్‌తో కంప్యూటర్ నడిపేవాళ్లు, విండోస్‌లో ఆ కనెక్షన్‌ని మీటర్డ్ అని గుర్తు పెట్టండి, పెద్ద పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. ఇవన్నీ ఆ కౌంటర్ కంప్యూటర్‌కి తమ్ముళ్లే. మనం నిద్రపోతుంటే మన పేరు మీద ఫోన్ చేసేవే.

సూరా హుజురాత్‌లో 12వ ఆయత్ శక్ గురించే ఉంది. ఇంట్లో తర్జుమా ఉంటే తీసి ఒకసారి పిల్లలతో కలిసి చదవండి. మిషన్ తిన్న యూనిట్లకు పైసలు కట్టేస్తే హిసాబ్ తీరిపోతుంది. పదహారేళ్ల పిల్లాడి పేరు మీద పడిన మచ్చకు అలాంటి బిల్లు ఏదీ రాదు, కట్టడానికి కౌంటర్ కూడా ఉండదు. అందుకని ముందు సెట్టింగ్స్ చూడండి, తర్వాత పిల్లాణ్ని పిలవండి.

ఖుదా హాఫిజ్.